తమ్ముడు మోర్మన్ అయితే ఇంట్లోకి రానివ్వకూడదా?

మీరు అడిగింది ఇది: "మోర్మన్లు నిజంగా క్రైస్తవులేనా? మా తమ్ముడు హైదరాబాద్‌లో వాళ్ళ సంఘంలో చేరాడు. అది దుర్బోధ, వాణ్ణి ఇంట్లోకి రానివ్వొద్దు అని మా పాస్టర్ గారు అంటున్నారు."

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిదానికి నా జవాబు: వాళ్ళ బోధ మన సంఘాలన్నీ తరతరాలుగా ఒప్పుకుంటూ వచ్చిన క్రైస్తవ బోధ కాదు. రెండోదాని దగ్గర మీ పాస్టర్ గారు చెప్పింది తప్పు. మొదటి జవాబు తెచ్చి రెండో ప్రశ్నకు అతికించేవాళ్ళ వల్ల మా ఇంట్లో ఎంత క్షోభ జరిగిందో చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను లూథరన్ ఇంట్లో పుట్టాను. ప్రతి ఆదివారం నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పి పెరిగినవాణ్ణి. మా అత్తయ్య కొడుకు, నాకు వరసకు బావ, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ మోర్మన్ అయ్యాడు. వాళ్ళ సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. 2018 నుంచి అందరూ ఆ పూర్తి పేరే వాడాలని వాళ్ళ నాయకులు కోరుతున్నారు. మీరు అడిగిన మాటనే ఇక్కడ వాడుతున్నాను, మీ తమ్ముడి ముందు మాత్రం ఆ పేరే వాడండి.

ఇది మన దగ్గరికి నిన్న మొన్న వచ్చింది కూడా కాదు. సమోవాలో ఉండగా ఆ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాద్ వచ్చి తమ సొంత బంధువులకే బోధించారు. 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో వాళ్ళు భారతదేశంలో మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన విభాగం, ఏర్పాటు చేసింది హైదరాబాద్‌లోనే. తెల్ల చొక్కాలు, నల్ల నేమ్‌ప్లేట్లు పెట్టుకుని జంటగా తిరిగే కుర్రాళ్ళు మన గోదావరి పట్టణాల్లోనూ ఎప్పటి నుంచో కనిపిస్తున్నారు. కాబట్టి ఇది అమెరికా వాళ్ళ గొడవ, మనకెందుకు అని తోసెయ్యడానికి లేదు.

ఇక బోధ. చాలామంది పలువురు భార్యల సంగతి దగ్గర ఆగిపోతారు. బహుభార్యత్వాన్ని ఆపుతున్నామని ఆ సంఘం 1890లోనే ప్రకటించింది, ఇప్పుడు అలా చేసేవాళ్ళను వెలివేస్తుంది. అసలు తేడా అది కానే కాదు. దర్శనం చూశానని ఆ సంఘం స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చెప్పడమూ కాదు. మన రాజమండ్రిలో 1938లో, అప్పటిదాకా లూథరన్ సంఘంలో ఉన్న దేవదాసు అయ్యగారికి బంగారు అక్షరాలతో "బైబిలు మిషను" అని కనిపించిందని ఆ మిషను వాళ్ళు చెబుతారు. దాని మీద లూథరన్లలో ఎంత నొప్పి ఉన్నా, బైబిలు మిషను వాళ్ళు క్రైస్తవులు కారని మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ అనగా నేను వినలేదు. ఎందుకంటే వాళ్ళ బైబిలు మన బైబిలే, వాళ్ళు ఆరాధించేది త్రియేక దేవుణ్ణే, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్న ఒకే దేవుణ్ణే.

మోర్మన్ల దగ్గర తేడా దేవుడి దగ్గరే మొదలవుతుంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడు కాదు, ముగ్గురూ పూర్తిగా వేరువేరని, ఉద్దేశంలో మాత్రమే ఒకటై ఉన్నారని వాళ్ళు నమ్ముతారు. తండ్రికి మాంసము, ఎముకలు గల శరీరం ఉందని వాళ్ళ గ్రంథం సిద్ధాంతము మరియు నిబంధనలులో, 130వ ప్రకరణం 22వ వచనంలో స్పష్టంగా ఉంది. 1844 ఏప్రిల్‌లో, చనిపోయిన ఒక సభ్యుడి జ్ఞాపకార్థం చేసిన ప్రసంగంలో జోసెఫ్ స్మిత్ ఇంకా ముందుకు వెళ్ళి, దేవుడు కూడా ఒకప్పుడు మనలాగే ఉన్నవాడని చెప్పాడు. మనుషులు ఉన్నతిని పొంది దేవునిలా కాగలరన్నది వాళ్ళ ఆశ. 325లో నీకయ సభలో యేసు గురించి "తండ్రితో ఏకతత్వము గలవాడు" అని మన వాళ్ళు రాసుకున్న మాటకూ దీనికీ పొంతన కుదరదు. ఎంత సాగదీసినా కుదరదు.

ఈ వేరును మొదట ప్రకటించింది మనం కూడా కాదు. 1820లో న్యూయార్క్ రాష్ట్రంలోని పల్మైరా దగ్గర అడవిలో, ఏ సంఘంలో చేరాలని తాను ప్రార్థిస్తే, ఏదీ సరైనది కాదు, వాళ్ళ విశ్వాస ప్రమాణాలన్నీ తన దృష్టికి హేయమైనవని ప్రభువు చెప్పాడని జోసెఫ్ స్మిత్ రాసుకున్నాడు. 1830లో సంఘం పెట్టిందే, అపొస్తలుల తర్వాత భూమ్మీద లేకుండా పోయిన అధికారం మళ్ళీ వచ్చిందన్న నమ్మకంతో. ఇది దాచాల్సిన సంగతి కాదు. కానీ బావకు మొదట చెప్పిన కుర్రాళ్ళు "మేమూ యేసునే నమ్ముతాం, మా మోర్మన్ గ్రంథం ఆయనకు అదనపు సాక్ష్యం" అని మొదలుపెట్టి, తండ్రికి శరీరం ఉండటం గురించి చాలా రోజుల తర్వాత గానీ చెప్పలేదు. ఇది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. మనిషి తన తల్లిదండ్రుల సంఘాన్ని వదిలి రావాలని అడిగేటప్పుడు అన్నిటికంటే పెద్ద తేడాను మొదటి రోజే చెప్పాలి.

బాప్తిస్మం దగ్గర రెండు వైపులా లెక్క తేలిపోతుంది. కాథలిక్కులు లూథరన్ల బాప్తిస్మాన్ని ఒప్పుకుంటారు. మోర్మన్లది మాత్రం చెల్లదని రోమ్ 2001 జూన్‌లో ప్రకటించింది. నీళ్ళు అవే, ముంచడం అదే, "తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామమున" అన్న మాటలూ దాదాపు అవే. అయినా ఆ పేర్లతో పిలిచేది ఒకే దేవుణ్ణి కాదని తీర్పు. మోర్మన్లు అంతకు ముందు నుంచీ మన బాప్తిస్మాల్లో దేన్నీ ఒప్పుకోరు. బాప్టిస్టు వచ్చినా, సిఎస్ఐ వచ్చినా మళ్ళీ ముంచాల్సిందే. ఒకరి బాప్తిస్మం ఒకరికి చెల్లనప్పుడు "అంతా ఒకటేలే బాబూ" అనేవాళ్ళు ఇద్దరి మాటా వినడం లేదని నా అభిప్రాయం. అమెరికాలో ఉన్న మా స్నేహితులు కొందరు ఇదే రకం. యూటాలో పక్కింటి మోర్మన్ కుటుంబం మంచిది, పిల్లలు మర్యాదస్తులు, కాబట్టి తేడా ఏమీ లేదంటారు. మంచితనం వేరు, దేవుడెవరన్న ప్రశ్న వేరు.

ఇప్పుడు మామయ్య సంగతి.

మామయ్య మా సంఘం కాదు. యవ్వనంలో గోదావరిలో బాప్తిస్మం తీసుకున్న మనిషి, చివరిదాకా ఒకే సంఘంలో ఉన్నాడు. అత్తయ్య పెళ్ళయ్యాక ఆ సంఘంలోకే వెళ్ళింది. కొడుకు మోర్మన్ అయినందుకు ఇద్దరూ కుమిలిపోయారు. వాళ్ళ సంఘం నియమం ప్రకారం వాడు ఇంటికొస్తే టీ తాగడు, కాఫీ తాగడు, అది అత్తయ్యకు మరీ కష్టంగా ఉండేది. తల్లి చేతి కాఫీ వద్దంటే ఏ తల్లికి బాగుంటుంది? అయినా వాడి కోసం మజ్జిగ కలిపేది, రాత్రి మాత్రం వాడు తిరిగి రావాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది.

మామయ్య పోయిన రోజు వరండాలో ఫ్రీజర్ బాక్స్, వీధిలో షామియానా. బావ రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి వచ్చాడు. పది గంటలకు సంఘం సెక్రటరీ, ఇద్దరు పెద్దలు వచ్చి నన్ను పక్కకు పిలిచారు. "మీ బావ మన విశ్వాసి కాదు. సమాధి దగ్గర ప్రార్థన చెయ్యకూడదు, నాలుగు మాటలు కూడా మాట్లాడకూడదు. మాట్లాడేట్టయితే అయ్యగారు ఆరాధన నడిపించరు, సమాధుల తోట గేటు తీయం" అన్నారు. అదే కమిటీలో ఆస్తి గొడవల మీద ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వరస తప్పకుండా ప్రభువు బల్ల దగ్గరికి వస్తారు, వాళ్ళను అడిగినవాడు లేడు. త్రిత్వం గురించి ఆ సెక్రటరీని నాలుగు ప్రశ్నలు అడిగితే ఆయన ఏం చెప్పేవాడో కూడా నాకు తెలుసు. ఎందుకంటే, తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ లేరు, యేసు ఒక్కడే అని బోధించే ఒక పెంతెకొస్తు ప్రసంగీకుణ్ణి అంతకు ముందు ఏడాదే వాళ్ళు సువార్త కూటాలకు పిలిచారు. ఆయన త్రిత్వాన్ని ఒప్పుకోడన్న సంగతి ఎవరికీ పట్టలేదు, ఆయన పాటలు బాగుంటాయని పిలిచారు.

నేను వాదిస్తుంటే అత్తయ్య విని లేచి వచ్చింది. పెద్దగా అరవలేదు. "సెక్రటరీ గారూ, వాడి సంఘం తప్పని మీకంటే నేనెక్కువ ఏడ్చాను. కానీ పెట్టెలో ఉన్నది వాళ్ళ నాన్న. వాడు ప్రార్థన చేస్తాడు. తోట గేటు తీయకపోతే ఇక్కడే కూర్చుంటాం, మీరు వెళ్ళి అయ్యగారికి చెప్పండి" అంది. గంటన్నర నడిచింది. ఎండ ముదిరింది, బంధువులు గుసగుసలు. చివరికి అయ్యగారే ఫోన్ చేసి "ప్రార్థన ఒక్కటే, బోధ వద్దు" అన్నారు.

బావ సమాధి అంచున నిలబడి చేతులు కట్టుకుని చేసిన ప్రార్థన చిన్నది. "పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టి, నాన్నను ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి, అమ్మకు ఆదరణ అడిగి, "యేసు క్రీస్తు నామమున, ఆమేన్" అని ముగించాడు. వాళ్ళ ప్రార్థనలు మామూలుగా ఇలాగే ఉంటాయి. జనమంతా ఆమేన్ అన్నారు, సెక్రటరీతో సహా.

కథ అక్కడితో అయిపోలేదు. అసలు సిద్ధాంతం ఇంట్లోకి వచ్చింది ఆ తర్వాతే. చాలా నెలలు గడిచాక బావ అత్తయ్య దగ్గర కూర్చుని, నాన్న తరఫున మా సంఘం దేవాలయంలో బాప్తిస్మం తీసుకుంటాను, నీ అనుమతి కావాలి అన్నాడు. మృతుల కోసం బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవడం వాళ్ళ ఆచారం. మొదటి కొరింథీయులకు 15:29 చూపిస్తారు. పుట్టి 110 ఏళ్ళు దాటనివాళ్ళ విషయంలో దగ్గరి బంధువు ఒప్పుకోవాలన్నది వాళ్ళ నియమం. అప్పటికి బెంగళూరు దేవాలయం మాట కూడా లేదు, ఇక్కడి మోర్మన్లు హాంకాంగ్‌లోని దేవాలయానికి వెళ్ళేవాళ్ళు. వాడు అడిగింది ప్రేమతోనే. నాన్న తనతో నిత్యత్వంలో ఉండాలన్నదే వాడి తపన.

అత్తయ్య ఒప్పుకోలేదు. "మీ నాన్న గోదావరిలో మునిగి లేచిన రోజే ఆయన లెక్క ప్రభువు దగ్గర రాసేశారు. రెండోసారి రాయాల్సింది ఏమీ లేదు. నువ్వు అలా చేస్తే ఆయన విశ్వాసం చాల్లేదని నా కొడుకే చెప్పినట్టవుతుంది" అంది. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గానీ మాట దాటలేదు. పండక్కి ఇప్పటికీ వస్తాడు. ఇద్దరూ రాత్రి పూట బైబిలు తెరిచి వాదించుకుంటారు, తమ సంఘానికి మళ్ళీ దక్కిందని మోర్మన్లు చెప్పే మెల్కీసెదెకు యాజకత్వం దగ్గర ఇద్దరికీ గొంతు లేస్తుంది. నాకు తెలిసినంతలో ఈ వివాదాన్ని సరిగ్గా నడిపింది మా అత్తయ్య ఒక్కతే. శవం దగ్గర కొడుకు నోరు మూయించనివ్వలేదు, బాప్తిస్మం దగ్గర తన విశ్వాసాన్ని అంగుళం కూడా వదులుకోలేదు.

అమెరికాలోని పెద్ద పెద్ద నాయకులే ఇలా నడిపించలేకపోయారు. 2011లో మోర్మన్ అయిన మిట్ రామ్నీ అమెరికా అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీ పడుతుంటే, డల్లాస్ బాప్టిస్టు పాస్టర్ రాబర్ట్ జెఫ్రెస్ ఆయన క్రైస్తవుడు కాడని, మోర్మన్ మతం ఒక కల్ట్, అంటే దారి తప్పిన గుంపు, అని విలేకరుల ముందు ప్రకటించాడు. మరుసటి ఏడాది రామ్నీయే రిపబ్లికన్ అభ్యర్థి అయ్యేసరికి ఆయనకే మద్దతు ఇచ్చాడు. 2012 అక్టోబరులో రామ్నీ వెళ్ళి పేరున్న సువార్తికుడు బిల్లీ గ్రాహమ్‌ను కలిసిన కొద్ది రోజులకే గ్రాహమ్ సంస్థ వెబ్‌సైట్‌లో కల్ట్‌ల జాబితా నుంచి మోర్మన్ల పేరు మాయమైంది. ఓట్ల కోసం నీకయ ప్రమాణాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించింది. దానికంటే 2004 నవంబరులో ఫుల్లర్ సెమినరీ అధ్యక్షుడు రిచర్డ్ మౌ చేసిన పని వెయ్యి రెట్లు నయం. సాల్ట్ లేక్ సిటీలో మోర్మన్ల సభామందిరం టాబెర్నకల్‌లోనే నిలబడి, మీరు నమ్మేది ఏమిటో మేం చాలాసార్లు వక్రీకరించి చెప్పాం, మీ పట్ల పాపం చేశాం అని ఒప్పుకున్నాడు. తన త్రిత్వ విశ్వాసాన్ని మాత్రం వదల్లేదు. మన తెలుగు యూట్యూబ్‌లో ఎర్ర అక్షరాలతో "దుర్బోధ బట్టబయలు" అని పెట్టే అన్నలు మోర్మన్ల గ్రంథంలో ఒక్క ప్రకరణం కూడా చదివిన దాఖలా నాకు కనిపించలేదు. మోర్మన్లు భక్తితో వేసుకునే లోదుస్తుల మీద వెటకారాలు తప్ప.

మీ పాస్టర్ గారు ఇంట్లోకి రానివ్వొద్దు అన్నారంటే, రెండవ యోహాను పత్రిక 10వ వచనం చూపించి ఉంటారు. ఈ బోధ తేనివాణ్ణి ఇంట చేర్చుకోవద్దని అందులో ఉంది, నిజమే. కానీ 7వ వచనం నుంచి చదవమనండి. అక్కడ యోహాను చెబుతున్నది, యేసు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోకుండా ఊరూరా తిరుగుతూ బోధించేవాళ్ళ గురించి. మోర్మన్లను ఎన్ని విషయాల్లో తప్పుపట్టినా ఇందులో పట్టలేం. యేసు శరీరంతో వచ్చాడని, శరీరంతో లేచాడని, ఇప్పటికీ శరీరంతోనే ఉన్నాడని వాళ్ళు గట్టిగా నమ్ముతారు. పైగా మీ తమ్ముడు బోధించడానికి బయటి నుంచి వస్తున్న బోధకుడు కాడు. ఆ ఇల్లు వాడిది కూడా. సిద్ధాంతము మరియు నిబంధనలు 130వ ప్రకరణం వాడితోనే చదివించండి, తండ్రికి శరీరం ఉంటే, "దేవుడు ఆత్మ" అని చెప్పే యోహాను 4:24 సంగతేమిటని వాడినే అడగండి, వాడు చెప్పేది చివరిదాకా వినండి.