పిల్లలు వద్దంటుంటే ఇంటి చదువు మొదలుపెట్టడం ఎలా?

తొమ్మిదో తరగతి అబ్బాయిని, ఏడో తరగతి అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లో చదివించాలనుకుంటున్నామని, పిల్లలు మాత్రం ససేమిరా అంటున్నారని రాశారు. మా ఇంట్లోనూ ఇదే గొడవ నడిచింది. మావారి బదిలీల వల్ల మాటిమాటికీ బడులు మార్చలేక, మా అబ్బాయి తొమ్మిదిలో ఉండగా ఇంటి చదువుకు దిగాం. ఇప్పుడు వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

ఈ వయసు పిల్లల భయం చాలావరకు చదువు గురించి కాదు. మా వాడికి రెండే బెంగలు. స్నేహితులు దూరమవుతారని ఒకటి, ఎవరైనా ‘ఏ స్కూలు?’ అని అడిగితే ఏం చెప్పాలని మరొకటి. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. పెళ్లిళ్లలో మన బంధువులు పిల్లల్ని ఎలా పలకరిస్తారో తెలిసిందే కదా, తరగతి ఏదని, ర్యాంకు ఎంతని తప్ప మూడో ప్రశ్న ఉండదు. ‘బడి మానేశాడట’ అనిపించుకోవడం ఏ కుర్రాడికైనా నామోషీగానే ఉంటుంది. అందుకే టైంటేబుళ్లూ పుస్తకాలూ తర్వాత చూద్దామని, ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చాం.

జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్‌ఐఓఎస్, కేంద్ర ప్రభుత్వ బోర్డు. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నమోదు చేయించవచ్చు, తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, వాటిలో కనీసం ఒకటి భాష అయి ఉండాలి. మిగతావి ఎంచుకునే స్వేచ్ఛ చాలా ఉంది. గణితం సైతం తప్పనిసరి కాదు, కానీ ఇంజినీరింగ్ ఆలోచన ఏ మూలన ఉన్నా దాన్ని వదలకండి. మా వాడి మొండితనం సడలింది ఈ ఎంపిక దగ్గరే. సబ్జెక్టుల జాబితా వాడి చేతికే ఇచ్చాం. ఏరికోరి చిత్రలేఖనం తీసుకున్నాడు, బడిలో ఆ ఊసే ఉండేది కాదు. గుర్తింపు కార్డు వచ్చాక బంధువులకు జవాబు కూడా తనే చెప్పుకున్నాడు.

నమోదు 5 ఏళ్లు చెల్లుతుంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి, సబ్జెక్టులను విడివిడిగా రాసుకోవచ్చు. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు ఉంటాయి కాబట్టి వాటిని చివరి నిమిషం దాకా నాననివ్వకండి. పన్నెండో తరగతి కూడా ఇక్కడే ఐదు సబ్జెక్టులతో పూర్తిచేస్తే జేఈఈ మెయిన్ రాయవచ్చు. రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లు వేరే ఉన్నాయి, వాటినీ పోల్చి చూసుకోండి.

చాలామంది పట్టించుకోని విషయం స్థానికత. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ సీట్లకు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. ఇంట్లో చదివిన ఏళ్లకు స్టడీ సర్టిఫికెట్ ఉండదు కనుక నివాస ధ్రువపత్రం అవసరమవుతుంది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు చిరునామా కాగితాలు ఇప్పటినుంచే దాచిపెట్టుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చదవడం మాత్రం మరవకండి.

ఇక స్నేహితుల సంగతి. బడి మాన్పించామని ఫోను కూడా లాక్కుంటే ఇంట్లో యుద్ధమే. పాత స్నేహితులతో ఆదివారం క్రికెట్ మా ఒప్పందంలో మొదటి షరతు. రెండోది, సంక్రాంతికి కూర్చుని మాట్లాడుకుని, వద్దనిపిస్తే వెనక్కి వెళ్లిపోవచ్చన్నది. ఈ మాట ఉత్తుత్తిగా ఇవ్వకండి, పిల్లలు ఇట్టే పసిగడతారు. తిరిగి చేర్చుకుంటారా అని టీసీ తీసుకునే ముందే బడిలో అడగండి. పదో తరగతి మధ్యలో చేర్చుకోవడానికి బడులు వెనకాడతాయి, కాబట్టి మీ అబ్బాయికి గడువు తొమ్మిది ముగిసేలోపే.

పాఠాలన్నీ మీరే చెప్పాలని పూనుకోవద్దు. లెక్కలకు దగ్గర్లో ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారిని కుదుర్చుకోవడం మాకు బాగా కలిసొచ్చింది. నేను హోంవర్కు అడిగితే అలిగే పిల్లవాడు ఆయన అడిగితే బుద్ధిగా చూపించేవాడు.

మీ అమ్మాయికి ఎన్‌ఐఓఎస్ పదో తరగతి వయసు ఇంకా రాలేదు. విద్యా హక్కు చట్టం కిందికి వచ్చే 6–14 ఏళ్ల వయసు కాబట్టి, ప్రభుత్వ బడికి వెళ్తే టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. తనకు దారి తెరిచే ఉంది. ఇద్దరినీ ఒకేసారి మాన్పించాలని ఏమీ లేదు. తను అంత గట్టిగా వద్దంటుంటే ఈ ఏడు బడికే పంపండి, అన్న చదువు ఎలా సాగుతుందో రోజూ చూస్తూనే ఉంటుంది కదా.