ఆట నిడివి తగ్గిస్తే వేరే దేశాలకు నిజంగా పాకుతుందా?

పాకుతుంది. కాకపోతే "జనానికి చూసే టైమ్ లేదు" అని అందరూ చెప్పే కారణం నాకు సగమే నిజమనిపిస్తుంది. ఆడేవాళ్ళు దొరకడమే అసలు సమస్య.

గుంటూరులో సాయంత్రాలు పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను. ఫుల్ కోర్టు మ్యాచ్ పెట్టాలంటే పది మంది కావాలి. ఇంటర్ పిల్లలకి స్టడీ అవర్లు అయ్యేసరికి చీకటి పడుతుంది, పరీక్షలొస్తే ఒక్కొక్కరే మానేస్తారు. త్రీ ఎక్స్ త్రీ మొదలుపెట్టాక ఆ బెంగ తగ్గింది. సగం కోర్టు, ఒకటే బోర్డు, జట్టుకి ముగ్గురు, బయట ఇంకొకరు. పది నిమిషాలో 21 పాయింట్లో, ఏది ముందైతే దాంతో ఆట అయిపోతుంది. షాట్‌కి 12 సెకన్లే. పైగా మ్యాచ్ నడుస్తుండగా కోచ్ చెప్పకూడదు, పిల్లలే తేల్చుకోవాలి. మామూలుగా నోరు విప్పని ఒకమ్మాయి "స్విచ్, స్విచ్" అని, అంటే ఆపాల్సిన ప్రత్యర్థుల్ని ఒకరికొకరు మార్చుకోమని, కేకలేస్తూ జట్టుని నడిపించడం ఇందులోనే చూశాను.

దేశాలకీ ఇదే లెక్క. 20 లక్షల జనాభా కూడా లేని లాట్వియా టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల త్రీ ఎక్స్ త్రీ స్వర్ణం గెలిచింది. 15 మంది ఆడే రగ్బీ ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాటని ఫిజీ, 2016 రియోలో ఏడుగురి రగ్బీ ఫైనల్లో బ్రిటన్‌ని 43-7తో ఓడించింది. ఆ దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి పతకం!

క్రికెట్‌లో టెస్టు హోదా 12 దేశాలకే ఉంది. పురుషుల టీ20 హోదాని మాత్రం ఐసీసీ 2019 జనవరి నుంచి సభ్య దేశాలన్నిటికీ ఇచ్చింది. 2024 టీ20 ప్రపంచ కప్‌లో 20 జట్లు ఆడాయి. డల్లాస్‌లో పాకిస్తాన్ మీద సూపర్ ఓవర్ వేసి అమెరికాని గెలిపించిన సౌరభ్ నేత్రావల్కర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. ఉద్యోగం చేసుకునేవాడికి ఐదు రోజుల మ్యాచ్‌లు ఎక్కడ కుదురుతాయి?

అలాగని ఎలా కుదించినా పనికొస్తుందనుకోవద్దు. విజయవాడలో ఇప్పుడు బాక్స్ క్రికెట్, అంటే చుట్టూ వల కట్టిన చిన్న చోట ఆడే క్రికెట్, బాగా ఆడుతున్నారు. సరదాకి మంచిదే, కానీ అందులోంచి ఫాస్ట్ బౌలర్ రాడు, రనప్‌కే చోటుండదు. త్రీ ఎక్స్ త్రీలో డ్రిబ్లింగ్, స్క్రీన్ (తోటి ఆటగాడి కోసం ప్రత్యర్థికి అడ్డు నిలవడం), రీబౌండ్ (తప్పిన షాట్‌ని అందుకోవడం) అన్నీ మిగిలాయి. పోయిందల్లా ఫాస్ట్ బ్రేక్, అంటే బంతి చిక్కగానే అవతలి బోర్డు దాకా పరుగెత్తి దాడి చేయడం. అందుకే ఎంతమంది వచ్చినా సరే, మా పిల్లల చేత ఫుల్ కోర్టు పరుగులు మాత్రం మానిపించను.