ఓటు సరే, ప్రచారానికి వెళ్ళాలా?

చిరంజీవి చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ ఎమ్మెల్యే అభ్యర్థి తాగునీటి గురించి, ఆసుపత్రి గురించి చెప్పేది నీకు నచ్చింది. ఫ్యాక్టరీలకు పొలాలు తీసుకోవాలన్న మాట మాత్రం మింగుడు పడట్లేదు. ప్రచారానికి వెళ్ళాలా వద్దా అని టెన్షన్ పడుతున్నావు.

నా సంగతి చెప్తా విను. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పటి నుంచి మీ నాయనమ్మకి మద్యనిషేధం తప్ప వేరే ధ్యాస లేదు. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం, కిలో రెండు రూపాయల బియ్యం రెండూ ఒకే పార్టీ హామీలు. బియ్యం దండగ ఖర్చని నా వాదన. అయినా నిషేధం వస్తుందని ఓటేశాను, జెండా పట్టుకుని వీధులన్నీ తిరిగాను కూడా. 1995లో నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. బియ్యం మాత్రం, రేట్లు మారుతూ, ఇప్పటికీ వస్తూనే ఉంది. అది లేకపోతే మన ఊళ్ళో ఎన్ని పొయ్యిలు వెలిగేవి కావో తర్వాత్తర్వాత నాకే తెలిసొచ్చింది. అందుకే హామీలన్నీ కూడి, తీసేసి లెక్క తేల్చుకోమని నీకు చెప్పను. ఆ లెక్క నాకే తప్పింది.

ముందు ఈ పొలాలు తీసుకోవాలన్నది ఆయన మాటో, పార్టీ మాటో తెలుసుకో. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక, విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని కాదని సభలో ఓటేస్తే ఎమ్మెల్యే పదవికే ముప్పు. కాబట్టి "మంచివాడు, మన మాట వింటాడు" అన్నది అసెంబ్లీలో చెల్లదు. కలెక్టర్ దగ్గర, తహసీల్దార్ ఆఫీసులో కొంత చెల్లుతుంది. పరిహారం కోసం ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సింది అక్కడే కదా.

నామినేషన్‌తో పాటు ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ కూడా చదువు. కేసులు, ఆస్తులు, అప్పులు అన్నీ ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్లో ఉంటాయి. పొలాలు తీసుకోవాలనే మనిషికి ఎక్కడెక్కడ పొలాలున్నాయో చూడటం తప్పేం కాదు.

నోటా నొక్కుతానన్నావు. దానికే అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలుస్తాడు. నీ కోపం తీరుతుంది, అంతే.

ఓటెయ్యడం వేరు, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఆయన తరఫున మాటివ్వడం వేరు. పొలం పోయేవాళ్ళ ఇంటి ముందు నిలబడి ఆ కరపత్రం ఇవ్వగలవా? చెయ్యి రాకపోతే ఓటుతో ఆపెయ్. ఇవ్వగలననుకుంటే, "భూముల విషయంలో మీతో ఒప్పుకోను, ఎవరడిగినా అదే చెప్తాను" అని ముందే ఆయనతో అను. నవ్వి దాటేస్తాడా, కూర్చోబెట్టి మాట్లాడతాడా చూడు. నేనైతే దాన్నిబట్టే తేల్చుకుంటాను.

ఆదివారం ఆయన్ని కలుస్తానన్నావుగా, ఒక్కదానివే వెళ్ళకు. ఆ పొలాలవాళ్ళలో ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్ళు. ఏమన్నాడో రాత్రికి ఫోన్ చెయ్యి, తొమ్మిదైతే నేను పడుకుంటాను.

ఇట్లు,
పెదనాన్న