నెఫ్రాలజీ వార్డుకి వెళ్తున్న మా చిట్టికి

చిట్టీ,

సోమవారం నుంచి నీకు నెఫ్రాలజీ వార్డులో, అంటే కిడ్నీ జబ్బుల వార్డులో, పోస్టింగ్ అని మీ అమ్మ చెప్పింది. ఆ చాప్టర్ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కట్లేదని టెన్షన్ పడుతున్నావట. నెఫ్రాన్ (కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నని భాగం) బొమ్మ, ఆ లూపుల పేర్లు పరీక్షకి కావాలి, చదువు, వద్దనను. కానీ వార్డులో నీ చేతికి వచ్చే మొదటి పని మూత్రం కొలిచి చార్టులో రాయడం. అది ఆయమ్మ చేసే పని అని కొందరు నీతో అంటారు, వినకు. ఇరవై ఆరేళ్ళ నర్సు సర్వీసుతో చెబుతున్నాను, కిడ్నీ పేషెంటు విషయంలో డాక్టర్ తీసుకునే నిర్ణయాలు చాలావరకు నువ్వు రాసే ఆ అంకె మీదే నిలబడతాయి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక నైట్ డ్యూటీలో వార్డంతటికీ ఇద్దరమే ఉన్నాం. తెల్లారి ఐదున్నరకి చార్టులు నింపుతూ ఒక పెద్దాయన యూరిన్ బ్యాగ్ వైపు దూరం నుంచే చూసి ఎనిమిది వందలు అని రాసేశాను. ఆ బ్యాగు ముందురోజు సాయంత్రం ఎవరూ ఖాళీ చెయ్యలేదు, ఆయనకి రాత్రంతా వచ్చింది నూట యాభై కూడా లేదు. రౌండ్స్‌లో నా అంకె చూసి సెలైన్ అలాగే పోనివ్వమన్నారు. మధ్యాహ్నానికి ఆయన పడుకోలేక లేచి కూర్చుని, రెండు చేతులూ మంచం మీద ఆనించి, ఆయాసంతో నావైపు చూస్తున్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. బతికారు, దేవుడి దయ. ఆ చార్టు మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే డ్యూటీ ఎక్కగానే బ్యాగులో ఎంతుందో చూసి, ఖాళీ చేసి, టైము రాసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టు.

లెక్క సులువే. పెద్దవాళ్ళకి కిలో బరువుకి గంటకి 0.5 మి.లీ. అయినా రావాలి, అంటే అరవై కిలోల మనిషికి గంటకి 30. రోజు మొత్తానికి 400 లోపు వస్తే ప్రమాదం. తగ్గిందనిపిస్తే ముందు ట్యూబు చూడు: మెలిక పడిందా, పేషెంటు దాని మీద పడుకున్నాడా, బ్యాగు మంచం మీదకి ఎక్కించి పెట్టారా. బొడ్డు కింద చెయ్యి పెట్టి బ్లాడర్ (మూత్రాశయం) ఉబ్బిందేమో చూడు. ఇవేవీ కాకపోతే బీపీ, పల్స్ చూసుకుని వెంటనే డాక్టర్‌కి చెప్పు, తెల్లారేదాకా ఆగకు. కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడానికి పుస్తకంలో మూడు పెద్ద పేర్లుంటాయి కదా, నేను చెరువు లెక్కన గుర్తుపెట్టుకున్నాను: పైనుంచి నీరు రావట్లేదా (వాంతులు, విరేచనాలు, రక్తం పోవడం), వడపోసే చోటే పాడైందా, కింద తూము మూసుకుందా (రాయి, ప్రోస్టేట్).

బరువు కూడా అంతే ముఖ్యం. రోజూ పొద్దున్నే ఒకే టైముకి, అదే మెషీన్ మీద, దాదాపు అదే బట్టలతో. ఒక్కరోజులో కిలో పెరిగిందంటే అది కండ కాదు, ఒంట్లో నిలిచిపోయిన లీటరు నీరు.

కాథెటర్ (మూత్రం బయటికి తెచ్చే గొట్టం) ఉన్నవాళ్ళ బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, అలాగని నేలకి తగలకూడదు. కల్చర్‌కి (ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకి) శాంపిల్ బ్యాగులోంచి పట్టకు, ట్యూబుకుండే పోర్టు శుభ్రం చేసి సిరంజితో తియ్యి. ఈ కాథెటర్ ఇంకా అవసరమేనా అని రౌండ్స్‌లో రోజూ అడుగు, స్టూడెంట్‌వి అయినా సరే. ఉన్నకొద్దీ ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది.

మన ఆడవాళ్ళు మూత్రంలో మంట అని నోరు తెరిచి చెప్పరు. వేడి చేసింది అంటారు, నాలుగు రోజులు సబ్జా నీళ్ళు, బార్లీ తాగి చూశాం అంటారు. వేడి అనగానే కర్టెన్ లాగి, పక్కన కూర్చుని, మెల్లగా అడుగు. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి కూడా ఉంటే ఇన్ఫెక్షన్ పైకి, కిడ్నీదాకా పాకిందేమోనని అనుమానించాలి. ముసలివాళ్ళలో జ్వరం లేకుండా ఉన్నట్టుండి మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా మూత్రం సంగతి కూడా గుర్తురావాలి.

నీ వార్డుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళు తప్పకుండా వస్తారు, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి. షుగర్, బీపీ లేకుండానే కిడ్నీలు పోయిన రైతులు, కూలీలు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, కాబట్టి నీళ్ళు తాగకపోవడం వల్లే నీకిలా అయిందని ఎవరినీ నొప్పించకు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చాక కొంత దూరం తగ్గింది, అయినా వైజాగ్ దాకా వచ్చేవాళ్ళున్నారు. ఆ ఊళ్ళంతా కొబ్బరితోటలు. ఒకసారి డయాలసిస్ మీద ఉన్న ఒకాయనకి కొడుకు తమ తోటలోవే రెండు బోండాలు తెచ్చి, నీరసంగా ఉన్నాడని ప్రేమగా తాగించాడు. సాయంత్రానికి కాళ్ళలో సత్తువ లేదు, ఈసీజీలో టి వేవ్‌లు గుడిగోపురాల్లా లేచాయి. కొబ్బరినీళ్ళలోని పొటాషియం, పాడైన కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో పెరిగిపోయింది. అప్పటికప్పుడు కాల్షియం గ్లూకోనేట్, ఇన్సులిన్‌తో డెక్స్‌ట్రోజ్ ఇచ్చి డయాలసిస్‌కి తీసుకెళ్ళారు. ఆ అబ్బాయి గోడకానుకుని ఏడ్చాడు. అతనికి ముందే చెప్పవలసింది మేము. అందుకే అటెండెంట్లతో మాట్లాడు: కొబ్బరినీళ్ళు, అరటిపండు, పళ్ళరసాలు వద్దని, కూరగాయలు చిన్నముక్కలు కోసి ఉడికించి ఆ నీళ్ళు వంపేయమని, సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుందని, ఒళ్ళునొప్పులకి షాపులో బిళ్ళలు కొని మింగొద్దని. రాళ్ళున్నవాళ్ళకి నీళ్ళు బాగా తాగమంటాం, మూత్రం రాని డయాలసిస్ పేషెంటుకి అదే మాట చెబితే ప్రాణం మీదకి వస్తుంది. వాళ్ళకి దాహం భరించడమే నరకం, చిన్న గ్లాసు ఇవ్వు, నోరు పుక్కిలించమను.

ఇంకొకటి, ఫిస్టులా చెయ్యి, అంటే డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపి కుట్టిన చెయ్యి. ఆ చేతికి బీపీ కఫ్ కట్టకు, సూది గుచ్చకు, రక్తం తియ్యకు. రోజూ దాని మీద వేళ్ళు పెట్టి చూస్తే పిల్లి గురగురమన్నట్టు తెలుస్తుంది. అది ఆగిపోతే నిమిషం ఆలస్యం చెయ్యకుండా సీనియర్‌ని పిలువు. మా యూనిట్‌లో ఒకామె ఆ గురగురని తనే రోజూ చెవి దగ్గర పెట్టుకుని వినేది, నేర్పింది నేనే.

సోమవారం డ్యూటీ దిగాక ఫోన్ చెయ్యి. ఎంతమందిని చూశావని అడగను, ఒక్క పేషెంటు గురించి చెప్పు చాలు: ఎంత లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది, బరువెంత. చార్టు చూడకుండా చెప్పాలి.

మీ పెద్దమ్మ