బైక్ ఆయిలా, పడవ ఆయిలా?

ప్రశ్న: సార్, మేం ముగ్గురు దోస్తులం కలిసి రోటాక్స్ 503 ఇంజన్ ఉన్న పాత మైక్రోలైట్ (ఒకరిద్దరు ఎగిరే చిన్న తేలికపాటి విమానం) ఒకటి కొన్నాం. అమ్మినాయన పడవ ఇంజన్ల ఆయిల్ వాడేవాడట, టీసీ-డబ్ల్యూ3 అని రాసున్న రెండు డబ్బాలు కూడా మాకే ఇచ్చాడు. ఇక్కడ మెకానిక్ అన్నేమో ఆర్ఎక్స్ 100 బైక్‌లో పోసే టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) చాలు, డబ్బులు దండగ చేసుకోకండి అంటున్నాడు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఇద్దరి మాటా పక్కనపెట్టి ముందు ఇంజన్‌తో వచ్చిన పుస్తకం తెరవండి. రోటాక్స్ తన టూ-స్ట్రోక్ ఇంజన్లకు అడిగేది ఏపీఐ టీసీ (ఏపీఐ అంటే ఆయిల్ తరగతులు నిర్ణయించే అమెరికా సంస్థ) అనే తరగతి ఆయిల్, పెట్రోల్‌లో కలిపి పోసేటట్టయితే 50కి 1 పాళ్లలో, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. పేర్లు ఒకేలా వినిపిస్తాయి గానీ టీసీ వేరు, టీసీ-డబ్ల్యూ3 వేరు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

సాగర్‌లో పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటారు సంగతి చూడండి. అది కిందున్న నీళ్లనే లాక్కుని సిలిండర్ చుట్టూ తిప్పి బయటికి వదిలేస్తుంది, అందుకే ఎంత గుంజినా లోపల చల్లగానే ఉంటుంది. ఆ చల్లదనానికి తగ్గట్టు చేసిన ఆయిల్ టీసీ-డబ్ల్యూ3. కాలాక బూడిద మిగలకూడదని అందులో లోహం లేని డిటర్జెంట్లు వేస్తారు. పడవకు అది మంచి ఆయిలే, దాన్ని తిట్టడానికేం లేదు. మీ 503 మాత్రం గాలితో చల్లబడే ఇంజన్, సిలిండర్ హెడ్ దగ్గర 200 డిగ్రీలు దాటడం మామూలు విషయం. ఆ వేడిలో ఈ రకం డిటర్జెంట్లు పిస్టన్ రింగుల గాడిని శుభ్రంగా ఉంచలేవు. గాడిలో నల్లగా లక్కలాంటి పొర పేరుకుని, రింగు అందులోనే అతుక్కుంటుంది. రింగు అతుక్కుంటే మండే గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందికి జారుతుంది, పిస్టన్ ఇంకా కాగుతుంది, చివరికి ఇంజన్ సీజ్, అంటే పిస్టన్ పట్టేసి ఆగిపోతుంది. అదేమో రోడ్డు మీద కాదు, పైన.

మెకానిక్ అన్న మాటలో సగం నిజం ఉంది. బైకుల టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసిందే, కాబట్టి డబ్బా మీద ఏపీఐ టీసీ అని స్పష్టంగా ఉంటే ఆ ఆయిల్ మీకు పడవ ఆయిల్ కన్నా దగ్గరిది. జాసో అనే జపాన్ ప్రమాణాల సంస్థ ఇచ్చే ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అనే తరగతులు కూడా కనిపిస్తాయి, ఎఫ్‌సీ అంటే పొగ బాగా తక్కువ, ఎఫ్‌డీ అంటే దానికి తోడు ఇంజన్‌ను శుభ్రంగా ఉంచే గుణం ఇంకా ఎక్కువ అని గుర్తుపెట్టుకుంటే చాలు. అయితే "ఆర్ఎక్స్ 100కి సరిపోతే దీనికీ సరిపోతుంది" అనే లెక్క మాత్రం నేను ఒప్పుకోను. దేవరకొండ నుంచి నల్లగొండ దాకా బైక్ మీద పోతే గుంతకోసారి, బర్రె అడ్డొచ్చినప్పుడల్లా యాక్సిలరేటర్ వదులుతాం, ఇంజన్‌కి ఊపిరాడుతుంది. మీ ఇంజన్ 5,500 ఆర్‌పీఎం పైన అరగంటో గంటో ఒకే తీరున లాగాలి. ఇక బంకులో చేత్తో పంపు కొట్టి పోసే లూజు ఆయిల్ అసలొద్దు, అందులో ఏముందో ఆ పోసే పిల్లగాడికే తెలియదు.

ఇంతకాలం పడవ ఆయిల్ మీద నడిచిందంటున్నారు కాబట్టి ఎగరడానికి ముందు ఒక పని చేయండి. సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ రంధ్రంలోకి టార్చి వేసి, ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ రింగులు ఆ రంధ్రం ఎదురుగా వచ్చేదాకా చూడండి. ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ ఆపి ఉందని రెండుసార్లు చూసుకున్నాకే ప్రొపెల్లర్ మీద చెయ్యి వేయండి. మెత్తని వెదురు పుల్లతో రింగును నొక్కితే లోపలికి పోయి స్ప్రింగులా మళ్లీ బయటికి రావాలి. కదలకపోతే రింగు అతుక్కున్నట్టే, హెడ్, సిలిండర్ విప్పాల్సిందే. రింగు కదులుతున్నా రంధ్రం అంచున గట్టి మసి పెచ్చులు కడితే దాన్ని గీకించండి. తర్వాత ట్యాంకు, పైపులు ఖాళీ చేసి కొత్త ఆయిల్ మొదలుపెట్టండి, మిగిలిందాంట్లో కలపకండి. ఆ రెండు డబ్బాలు పడవ ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. గేర్‌బాక్సులో పోసేది వేరే గేర్ ఆయిల్, ఈ ఆయిల్ అందులో పోయరు. మీరు అడగలేదు గానీ, ముగ్గురి పేర్ల మీదికి డీజీసీఏ (పౌర విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ మారకుండా దాన్ని గాల్లోకి లేపకండి.

ప్రశ్న: మా పాలమూరు, నల్లగొండ ఆముదం పంటకు పేరు. పాతకాలపు విమానాల్లో ఆముదమే పోసేవాళ్లని చదివాను. మరి మన గానుగ ఆముదం పారామోటార్‌లో (వీపుకు ఇంజన్ తగిలించుకుని పారాచూట్‌లాంటి రెక్కతో ఎగిరేది) ఎందుకు వాడకూడదు? – కల్వకుర్తి నుంచి

జవాబు: చదివింది నిజమే. మొదటి ప్రపంచయుద్ధంలో నోమ్, ల రోన్ లాంటి రోటరీ ఇంజన్లకు (సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరిగే విమాన ఇంజన్లు) ఆముదమే ఆధారం. ఆ ఇంజన్లలో పెట్రోల్ మిశ్రమం క్రాంక్‌కేసు గుండానే వెళ్లేది, మామూలు ఖనిజ నూనె పోస్తే పెట్రోల్ దాన్ని కడిగేసేది, ఆముదం పెట్రోల్‌లో అంత తేలిగ్గా కరగదు కాబట్టి నిలబడేది. కాలకుండా మిగిలిన ఆముదం పైలట్ ముఖం మీదికే తుంపరలుగా కొట్టేది. దాన్ని పీల్చి మింగినవాళ్ల కడుపు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మీరు ఆలోచించాల్సింది కూడా ఆ కరగకపోవడం గురించే. అప్పట్లో ఆముదం వేరే పంపులోంచి వచ్చేది, మీరేమో పెట్రోల్‌లో కలిపి పోస్తారు. సరిగ్గా కలవకపోతే, చలికాలం పొద్దున్నే చిక్కబడితే, ట్యాంకులో ఒక గుక్క ఆముదం, ఒక గుక్క ఉత్త పెట్రోల్. రాపిడిని ఆపే శక్తిలో ఆముదాన్ని ఇప్పటికీ కొట్టడం కష్టం, కార్టింగ్ రేసుల్లో ఆముదం ఆధారంగా చేసిన ఆయిల్స్ ఇంకా వాడతారు. కానీ అది జిగురు తీసి, శుద్ధి చేసి, వేరే పదార్థాలు కలిపిన సరుకు, పైగా రేసులవాళ్లు ఇంజన్ మాటిమాటికీ విప్పి కడుక్కుంటారు. గానుగ ఆముదం వేడికి రింగుల గాడిలో బంకలా పట్టేస్తుంది. పత్తి వచ్చాక ఆముదం చేలు తగ్గాయని నాకూ బాధే, అయినా ఆ ప్రేమ పారామోటార్ మీద చూపించకండి. మీ ఇంజన్ తయారీదారు ఏ తరగతి ఆయిల్, ఎంత శాతం అని రాశాడో అదే.

ప్రశ్న: సేఫ్టీకి ఆయిల్ కొంచెం ఎక్కువ కలిపితే నష్టమా? కలిపిన పెట్రోల్ నెలరోజులు క్యాన్‌లో ఉంది, వాడొచ్చా? – మిర్యాలగూడ

జవాబు: ఎక్కువ కలిపితే ప్లగ్గు మసి పట్టడం ఒకటి, ఇంకోటి చాలామందికి తట్టదు: కార్బురేటర్ జెట్‌లోంచి పోయే దాంట్లో ఆయిల్ ఎక్కువైతే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది, మిశ్రమం పలచబడి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. 20 లీటర్ల క్యాన్‌కి 50కి 1 అంటే 400 మిల్లీలీటర్లు, కొలత జాడీతో పోయండి, మూత లెక్కలు, కంటి అంచనాలు వద్దు.

నెల నాటి పెట్రోల్ మాత్రం బైక్‌కో, గడ్డి కోసే మిషన్‌కో, టూ-స్ట్రోక్‌దైతేనే, పోసేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాల్లో తేమను లాక్కుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి క్యాన్ అడుక్కి దిగుతాయి, ఆయిల్ పైనున్న పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి లాగే ఇంజన్‌కి మొదట అందేది ఆయిల్ లేని ఆ పొరే. అనుమానమొస్తే అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి ఓ పావుగంట కదపకుండా ఉంచి చూడండి, గీత గీసినట్టు రెండు పొరలు కనబడితే బైక్‌లో కూడా పోయకండి. మీ పెట్రోల్‌లో అంత ఇథనాల్ ఉండొచ్చా లేదా అన్నది కూడా ఇంజన్ పుస్తకంలో చూసుకోండి, పాత ఇంజన్ల రబ్బరు పైపులకు అది పడదు. ఎగిరే రోజు పొద్దున, ఆ రోజుకు సరిపడా మాత్రమే కలుపుకోండి.