నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు కొత్త పదాలు ఎలా నేర్పితే గుర్తుంటాయి?

మీరు అడిగింది ఇది: నాలుగు, ఐదు తరగతులకు తెలుగు చెబుతున్నారు. ప్రతి పాఠానికీ పదాలు, అర్థాలు బోర్డు మీద రాసి నోట్సులో ఎక్కిస్తున్నారు, అప్పజెప్పించుకుంటున్నారు. అయినా వారం తిరిగేసరికి పిల్లలు మరిచిపోతున్నారు. తండా నుంచి వచ్చే పిల్లలూ ఉన్నారు, పరీక్షల టెన్షన్ కూడా ఉంది.

నేను పల్నాడు జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఇవే తరగతులకు చెబుతాను. నా అనుభవంలో తేలింది ఇదండీ: పదాల సంఖ్య తగ్గించాలి, ఒక్కో పదాన్ని పిల్లల నోట ఎక్కువసార్లు పలికించాలి. పాఠానికి ఇరవై పదాలు రాయించే చోట ఐదారు చాలు.

అర్థాల పట్టికతో వచ్చే చిక్కు మీరూ చూసే ఉంటారు. 'ఆపద అంటే కష్టం' అని అప్పజెప్పిన పిల్లవాడు మా తరగతిలో 'మా అమ్మ ఆపదపడి వంట చేస్తుంది' అని రాశాడు. వాణ్ని ఏమంటాం? మనం చెప్పినదాన్ని చెప్పినట్టే వాడాడు. పట్టిక ఒక పదానికి బదులు ఇంకో పదాన్ని ఇస్తుందంతే. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చెప్పదు. సొంతవాక్యాల సంగతీ అంతే. 'నాకు ఔదార్యం అంటే ఇష్టం', 'మా ఊళ్లో ఔదార్యం ఉంది'. ఏ పదం ఇచ్చినా ఈ రెండు వాక్యాల్లో ఇరికించేస్తారు, మనం టిక్కు పెట్టేస్తాం. పదం వచ్చినట్టు కాదు.

ముందు ఏ పదాలు నేర్పాలో ఎంచుకోవాలి. సగం పని ఇక్కడే ఉంది. అమెరికాలో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ అనే పరిశోధకులు పదాలను మూడు అంతస్తులుగా చూడమన్నారు. అది తెలుగుకూ బాగానే సరిపోతుంది. మొదటి అంతస్తులోవి పిల్లలు ఇంట్లో వాడేవే, వాటికి బోర్డు అక్కర్లేదు. మూడో అంతస్తులోవి ఒక సబ్జెక్టుకు మాత్రమే చెందినవి, బాష్పీభవనం లాంటివి. వాటి సంగతి ఆ పాఠం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. మధ్య అంతస్తు ఉంది చూశారూ, మన కష్టమంతా పెట్టాల్సింది దాని మీద. సంకోచించు, అంగీకరించు, నిర్లక్ష్యం, విస్తరించు, కారణం, ఫలితం లాంటివి కథలోనూ వస్తాయి, పరిసరాల విజ్ఞానంలోనూ వస్తాయి, పేపర్లోనూ వస్తాయి. ఇంటి మాటల్లో మాత్రం పెద్దగా వినపడవు. బడిలో చెప్పకపోతే చాలామంది పిల్లలకు ఇంకెవరూ చెప్పరు. కథలో 'అంబారీ' అని వస్తే ఏనుగు మీద కూర్చునే పీఠం అని బొమ్మ చూపించి ముందుకు వెళ్లిపోతాను. ఆ పదం కోసం ఒక పీరియడ్ ఖర్చు పెట్టను.

ఎంచుకున్న పదాన్ని ఎలా మొదలుపెట్టాలంటే, 'సంకోచం' తీసుకుందాం. 'వెనుకాడటం' అని ఒక్క మాటలో చెప్పి వదిలేయను. 'ఏదో అడగాలని ఉంటుంది, లేకపోతే చేయాలని ఉంటుంది. కానీ ఎవరేమనుకుంటారో అని ఆగిపోతాం చూడండి, అదీ సంకోచం' అంటాను. ఆ వెంటనే కొన్ని సందర్భాలు చెప్పి, ఇది సంకోచమా కాదా అని అడుగుతాను. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తలేదు. పెళ్లి భోజనంలో ఇంకో లడ్డూ తినాలని ఉన్నా అడగలేదు. లెక్క రాక ఊరుకున్నాడు. కుక్కను చూసి పారిపోయాడు. మొదటి రెండింటికీ అందరూ 'అవును' అంటారు. కుక్క దగ్గర తరగతి రెండుగా చీలిపోతుంది. 'అది భయం టీచర్, సంకోచం కాదు' అని ఒకరు. 'పారిపోకుండా, దాటి వెళ్లాలా వద్దా అని నిలబడితే?' అని ఇంకొకరు. ఈ గొడవ జరగనివ్వండి. పది నిమిషాల్లో ఆ పదం తరగతిలో పాతిక ముప్ఫైసార్లు పలుకుతుంది, అదీ పిల్లల నోటి నుంచి. గొంతు పెరుగుతుంది, పక్క తరగతి టీచరు తొంగి చూస్తారు. ఫరవాలేదు.

కాదు అనే సందర్భాలు తప్పకుండా ఉండాలి. అవును అనిపించేవే ఇస్తే పదం హద్దు పిల్లలకు తెలియదు. 'ఆపదపడి వంట చేయడం' లాంటివి అక్కడి నుంచే పుడతాయి.

రాయించే దగ్గరికొస్తే, ఖాళీ సొంతవాక్యం ఇవ్వడం మానేశాను. సగం వాక్యం నేనే ఇస్తాను: 'లక్ష్మి టీచర్ని అడగడానికి సంకోచించింది, ఎందుకంటే...' మిగతా సగం రాయాలంటే పదం అర్థం కావాల్సిందే. గైడులో దొరకదు, పక్కవాడిది చూసి రాసినా కనిపెట్టేయొచ్చు.

నాలుగో తరగతికి వచ్చినా చదవడం సరిగా రాని పిల్లలు ఉంటారు, అది మనందరికీ తెలిసిన విషయమే. ముందు అక్షరాలు రానీ, పదాలు తర్వాత అని వాళ్లను ఈ పనికి దూరం పెట్టకండి. పదజాలానికి చెవి, నోరు ఉంటే చాలు. పైన చెప్పిన వాదనలో మా దగ్గర గట్టిగా మాట్లాడేవాళ్లలో చదవడం తడుముకునేవాళ్లే ఎక్కువ. రోజూ కొంతసేపు లైబ్రరీ పుస్తకంలోంచి ఒక కథ పైకి చదివి వినిపిస్తే ఇంకా మంచిది. తాము సొంతంగా చదువుకోలేని స్థాయి పదాలు కూడా అలా చెవిన పడతాయి.

ఇక మరుపు సంగతి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎప్పుడెప్పుడు ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదట్లోనే చాలా వేగంగా జరుగుతుందని తేలింది. ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోవడమే దానికి మందు. ఒకే రోజు పదిసార్లు రాయించడం కన్నా రేపు ఒకసారి, వచ్చే వారం ఒకసారి, నెల తర్వాత ఒకసారి అడగడం నయం. నా దగ్గర ఖాళీ చాక్‌పీసుల డబ్బా ఒకటి ఉంది. నేర్చిన పదాలన్నీ చీటీల మీద రాసి అందులో వేస్తాం. హాజరు పలికాక ఒకరు వచ్చి రెండు చీటీలు తీస్తారు, ఆ రెండూ వచ్చేలా ఒక మాట చెప్పాలి. జూన్‌లో నేర్చిన పదం నవంబరులోనూ చేతికొస్తుంది.

బడి బయట ఆ పదం కనిపిస్తే వచ్చి చెప్పమంటాను. ఆర్టీసీ బస్సులో 'ప్రయాణికులకు విజ్ఞప్తి', పెళ్లిపత్రికలో 'ఆహ్వానం', టీవీ వార్తల్లో 'అంగీకరించారు'. ఇలా తెచ్చిన పిల్లల పేరు బోర్డు మీద మూలన రాస్తే చాలు, మరుసటి రోజు ఇంకో నలుగురు తెస్తారు. నా దృష్టిలో ఖర్చు లేని పద్ధతుల్లో దీన్ని మించింది లేదు.

ఐదో తరగతిలో పదాల కుటుంబాలు చెప్పొచ్చు. సాధ్యం, అసాధ్యం. న్యాయం, అన్యాయం. ఉపకారం, అపకారం, పరోపకారం. ఒకటి వస్తే నాలుగు వస్తాయి. కాకపోతే సూత్రంలా చెప్పకండి. 'అ' ముందు చేరితే వ్యతిరేకం అనగానే 'అరకకు వ్యతిరేకం రకమా టీచర్?' అని అడిగేవాడు ప్రతి తరగతిలోనూ ఉంటాడు.

పదాలు వెతికే గళ్లు, పదకేళి లాంటివి నాకు పెద్దగా నచ్చవు. తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది, అక్షరక్రమం కాస్త మెరుగవుతుంది. అర్థం మాత్రం రాదు. బొమ్మల కార్డులు వస్తువుల పేర్లకు బాగుంటాయి, కానీ నిర్లక్ష్యానికి బొమ్మ ఏం గీస్తాం?

సైన్సు పదాలకు మన రాష్ట్రంలో ఒక సౌకర్యం ఉంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. తడి పలకను ఎండలో పెట్టి నీళ్లు ఎటు పోయాయో పిల్లల మాటల్లో చెప్పించాక, దాన్ని ఇక్కడ ఎవాపరేషన్ అన్నారు, అక్కడ బాష్పీభవనం అన్నారు అని రెండు పేజీలూ చూపిస్తే సరిపోతుంది. పేరు ముందు చెప్పి పలక తర్వాత చూపిస్తే మాత్రం రెండు పేర్లూ బట్టీనే.

పిల్లలకు మనకన్నా ఎక్కువ పదాలు వచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. మా ఊళ్లో మిర్చి పండిస్తారు. కాయలు ఆరబోసే కల్లం, రంగు పోయిన తాలు కాయలు, గుంటూరు మిర్చి యార్డుకు పోయే టిక్కీలు (బస్తాలు), ఇవన్నీ పిల్లలే నాకు వివరించారు. ఇలాంటి వ్యవసాయ పదాలను భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లాల వారీగా సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. అంత గౌరవం ఆ మాటలకు ఉందని పిల్లలకు తెలిస్తే, తమ మాట చెప్పడానికి సిగ్గుపడరు. మీకు ఏ పదం మీదైనా అనుమానం వస్తే ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు.

తండా పిల్లల ఇంట్లో మాట్లాడేది లంబాడీ. వాళ్లకు 'వెనుకాడటం' కూడా కొత్త మాటే కావచ్చు, కాబట్టి తెలుగు అర్థంతో పని జరగదు. అభినయించి చూపించండి, తర్వాత లంబాడీలో దాన్ని ఏమంటారో వాళ్లనే అడగండి. ఆ మాటను కూడా చీటీ మీద పక్కన రాసుకుంటాం. మిగతా పిల్లలు దాన్ని పలకడానికి పోటీ పడతారు.

పరీక్షలో అర్థాలు రాయమంటారు కదా అంటారేమో. రాయిస్తాను, కాకపోతే చివర్లో. వాదించి, చీటీలు తీసి, సగం వాక్యాలు పూర్తి చేశాక, పాఠం ముగిసే రోజున ప్రతి పదానికీ తమ మాటల్లో ఒక లైను రాసుకుంటారు. పుస్తకంలోని అర్థం దాని కింద ఉంటుంది. ముందు నుంచీ వాడుతున్న పదం కాబట్టి అప్పజెప్పించుకోవాల్సిన అవసరం చాలామటుకు రాదు.