గుండె నిండే ఒత్తిడిని రక్తపోటు అనవచ్చా?

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసాన్ని తెలుగు చేస్తూ "ఎకో పరీక్షలో హృదయ వ్యాకోచ వైఫల్యం మొదటి దశ అని తేలింది. గుండె రక్తపోటును కోత లేకుండా కొలిచారు, మామూలుగానే ఉంది" అని రాశాను. మూలంలో డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ గ్రేడ్ 1, ఫిల్లింగ్ ప్రెషర్, నాన్ ఇన్వేసివ్ అనే మాటలున్నాయి. నా వాక్యం సరైనదేనా?

సమాధానం: వ్యాకరణానికి వంక పెట్టలేం. చిక్కంతా అర్థంలోనే ఉంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు 'రక్తపోటు'. డయాస్టాలిక్ అనగానే బీపీలో కింది అంకె గుర్తుకు వస్తుంది. 120/80లో ఆ 80 ధమనుల్లోని ఒత్తిడి. ఫిల్లింగ్ ప్రెషర్ మాత్రం ఎడమ జఠరికలోకి, అంటే గుండెలో ఎడమవైపు కింది గదిలోకి, రక్తం నిండేటప్పుడు గుండె గదుల లోపల ఉండే ఒత్తిడి. జఠరిక నిండడం పూర్తయ్యే క్షణంలో అది మామూలుగా పాదరసం కొలతలో సుమారు 12 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. 16 దాటితే ఎక్కువైనట్టు. ఈ రెంటినీ ఒకే మాటతో చెబితే, మీ వాక్యం చదివిన రోగి తన బీపీ బాగుందనుకుంటాడు. మొదటిసారి 'జఠరిక నిండేటప్పటి ఒత్తిడి' అని విడమరిచి రాయండి. తర్వాత 'నిండే ఒత్తిడి' అన్నా తెలిసిపోతుంది.

'కొలిచారు' అనే క్రియ కూడా ఇక్కడ కుదరదు. ఈ ఒత్తిడిని నేరుగా కొలవాలంటే రక్తనాళం గుండా కేథటర్ అనే సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపాలి. శబ్ద తరంగాలతో గుండెను చూసే ఎకో చేసే పని వేరు. ఎడమవైపు పై గది అయిన కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం దాటి రక్తం ఎంత వేగంగా దూకుతోందో, ఆ కవాటం అంచున కండరం ఎంత వేగంగా కదులుతోందో ఎకోలో వేగాన్ని పట్టే డాప్లర్ పద్ధతి చూపిస్తుంది. మొదటి వేగాన్ని రెండో దానితో భాగిస్తే సగటున 14 దాటిందా, ఒత్తిడి పెరిగిందేమోనని అనుమానిస్తారు. ఆ ఒక్క అంకెతోనే తేల్చేయరు. ఎడమ కర్ణిక సాగి పెద్దదయిందా, కుడివైపు ట్రైకస్పిడ్ కవాటం దగ్గర వెనక్కి చిమ్మే రక్తం వేగం సెకనుకు 2.8 మీటర్లు మించిందా అని కూడా చూస్తారు. ఇన్ని ఆనవాళ్లు కూడగట్టి చెప్పేదానికి 'అంచనా వేశారు' అనడమే న్యాయం. వైద్య వార్తల్లో ఈ తేడాను తరచూ మింగేస్తుంటారు, నాకు చాలా చిరాకు.

'కోత లేకుండా' కూడా సరిపోదు. కేథటర్ పరీక్షలోనూ ఛాతీని కోయరుగా, సూదితో నాళంలోకి దారి చేస్తారు. కాబట్టి 'శరీరంలోకి ఏ పరికరమూ పంపకుండా' అనండి. పొడవైనా అందరికీ అర్థమవుతుంది.

డయాస్టాలిక్‌కు వ్యాకోచం మంచి మాటే, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది కూడా. కాకపోతే 'హృదయ వ్యాకోచం' కన్నా 'జఠరిక వ్యాకోచం' కచ్చితం, ఎందుకంటే జఠరిక వ్యాకోచించే వేళ చివర్లో కర్ణిక సంకోచిస్తుంది. అంటే ఆ వేళంతా గుండె మొత్తం వ్యాకోచంలో ఉండదు. కొందరు 'సడలింపు' అంటారు. అది సగమే చెబుతుంది. కండరం సడలడం ఒక పని, బిగుసుకుపోకుండా సాగి రక్తానికి చోటివ్వడం ఇంకో పని. లోపం ఏ పనిలోనైనా ఉండవచ్చు.

'వైఫల్యం' మాత్రం తీసేయండి. ఆ మాట హార్ట్ ఫెయిల్యూర్‌కు పోతుంది. డిస్‌ఫంక్షన్‌కు 'లోపం' చాలు. గ్రేడ్ 1 అంటే సడలడం మందగించినా విశ్రాంతిలో నిండే ఒత్తిడి పెరగలేదని. వయసు మీరినవారిలో ఇది తరచూ కనిపిస్తుంది. దాన్ని 'మొదటి దశ' అంటే రెండో దశ ఎప్పుడొస్తుందోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. 'గ్రేడ్ 1' అనే ఉంచేయండి, ఆ మాట రిపోర్టులోనూ అలాగే ఉంటుంది.